చిలకలపూడి గుండెలు

గుడివాడ దాటగానే రైలుపెట్టె సగం ఖాళీ అయింది. కుముద కిటికీ పక్కకి జరిగి, పొద్దున భర్త తన సంచిలో పడేసిన జామకాయ తీసి ఒక కొరుకు కొరికిందో లేదో, ఫోను మోగింది. విజయవాడలో తాను పనిచేసే పరిశోధనశాల పెద్ద, డాక్టర్ ప్రకాశరావుగారు. ఆయన ఏ సంగతైనా ముందు కుశల ప్రశ్నలు వేసి, ఎండల మీదుగా, వానల మీదుగా వచ్చి చెప్పే మనిషి. ఆ సాయంత్రం మాత్రం పలకరింపు కూడా లేకుండా, "పాయింట్ తొంభై ఏడు, కుముదా," అన్నారు.

నోట్లో జామకాయ ముక్క అలాగే ఉండిపోయింది. మళ్ళీ చెప్పమంది. ఆయన మళ్ళీ చెప్పారు. నిపుణుల సంఘం లెక్కలన్నీ తిరగేసి, ఎక్కడా వంక దొరక్క సంతకాలు చేసిందట. నెల తిరిగేలోగా నాడీపట్టీ మూడు ఆసుపత్రుల్లో రోగుల చేతులకి ఎక్కబోతోందట. ఫోను పెట్టేశాక ఎవరితోనైనా చెప్పకపోతే ఊపిరాడదనిపించి, ఎదురుగా ఖాళీ చేపలబుట్ట ఒళ్ళో పెట్టుకుని కునుకుతున్న పెద్దావిడతో, మా పరీక్ష పాసైందండీ అని చెప్పేసింది. ఆవిడ ఏం పరీక్ష అని అడగలేదు. కుముద మెడలోని కొత్త పసుపుతాడు చూసి, "ఇంటికెళ్ళి మీ ఆయనకి చెప్పుకోమ్మా, మురిసిపోతాడు," అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

కుముదకి పెళ్ళయి నాలుగు నెలలు. ఈ నాలుగు నెలలుగా లోకంలో ఏ చిన్న వస్తువు కంటపడినా ఎవరో తనకోసమే అక్కడ పెట్టినట్టు ఉంటోంది. నడుస్తుంటే మెట్టెలు చేసే చప్పుడు బాగుంటుంది. తన చీర పక్కనే దండెం మీద ఆరే భర్త చొక్కా బాగుంటుంది. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే ఫణి, అంత పెద్దమనిషి, సాయంత్రం చిలకలపూడి స్టేషన్ బయట స్కూటర్ మీద కూర్చుని రైలు రాగానే రెండుసార్లు హారన్ కొట్టడం మరీ బాగుంటుంది.

ఆరోజు అతను హారన్ కొట్టేలోపే ఆమె పరుగెత్తుకొచ్చి వెనక కూర్చుంది. సంగతి విని ఫణి బండి స్టార్టు చేయడం మరిచిపోయాడు. తర్వాత దారిలో ఆగి అరకిలో తొక్కుడు లడ్లు కట్టించాడు. కొట్టువాడు ఏం విశేషమని అడిగితే, "మా ఆవిడ గుండెలు కొలిచింది, సరిగ్గా సరిపోయాయంట," అన్నాడు.

ఇంట్లో ముందుగది కాళాచారిగారి పనిగది. రోల్డుగోల్డు నగలకి పేరుపడ్డ ఆ వీధిలో, అతుకు పెట్టడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరంటారు. కుముద గుమ్మంలో అడుగుపెట్టేసరికి మావగారు దీపం ముందు కూర్చుని ఊదుగొట్టం నోట పెట్టుకుని ఉన్నారు. ఒక జత చెవి బుట్టలకి అతుకు పడుతోంది. బుగ్గల నిండా గాలి నింపుకుని, ముక్కుతో మెల్లగా పీల్చుకుంటూ, మంట సన్నగా, నిక్కచ్చిగా, ఒక్క వెంట్రుకవాసి కదలకుండా ఊదుతున్నారు. ఆ సమయంలో ఆయన పలకరు. కనుబొమలెగరేసి కూర్చోమని సైగ చేశారు. కుముద లడ్ల పొట్లం పట్టుకుని పీట మీద కూర్చుంది. అతుకు కరిగి, మెరిసి, సర్దుకున్నాక ఆయన గొట్టం పక్కన పెట్టి, చెప్పు తల్లీ అన్నారు.

విన్నాక పెద్దగా నవ్వారు. "అయితే మా వీధి గుండెలన్నీ పాసయ్యాయన్నమాట," అన్నారు.

అది నిజంగా ఆ వీధి ఘనతే. పెళ్ళికి ముందు ఏడాదంతా కుముద కాలేజీ పిల్లల చేతులకి పట్టీ కట్టి చూసింది. గుండె కొట్టుకునే ప్రతి దెబ్బకీ, దాని తర్వాతి దెబ్బకీ మధ్య ఉండే ఎడాన్ని సెకనులో వెయ్యో వంతు దాకా కొలిచి, ఆ ఎడాలు ఎంత మారుతున్నాయో ఒక అంకెగా చూపిస్తుంది పట్టీ. దాన్నిబట్టి గుండె రాబోయే వారంలో తడబడుతుందో లేదో చెప్పే సూత్రం ప్రకాశరావుగారిది, పదకొండేళ్ళ కష్టం. అంకె పెద్దగా ఉండి బాగుంటే పచ్చదీపం, తగ్గి భయముంటే ఎర్రదీపం. అంతా బాగానే ఉంది గానీ, అదే పిల్లవాణ్ణి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిస్తే రెండు అంకెలూ కలిసేవి కావు. కాఫీ తాగితే ఒకటి, నిద్ర చాలకపోతే ఒకటి, మెట్లెక్కి వస్తే ఒకటి, తరగతిలో ఫలానా అమ్మాయి పలకరించి వెళితే ఇంకొకటి. ఒకే మనిషిని పదిసార్లు కొలిస్తే పదిసార్లూ ఒకే మాట చెప్పని యంత్రాన్ని ఏ ఆసుపత్రీ తీసుకోదు. వాళ్ళ లెక్కలో ఆ కొలతల పొత్తు ఒకటికి దగ్గరగా ఉండాలి. వీళ్ళకి పాయింట్ యాభై దాటలేదు.

పెళ్ళయిన కొత్తలో ఒక మధ్యాహ్నం కుముద అన్నం కలుపుతూ ఆ బాధ చెప్పుకుంది. అత్తగారు సుభద్రమ్మకి అసలు సంగతే అర్థం కాలేదు. గుండె గడియారంలా కొట్టుకుంటే మంచిదే కదా, మారడమేమిటని ఆవిడ అడిగారు. కుముద చెంచాతో కంచం అంచు మీద టక్ టక్‌మని సమంగా కొట్టి, ఇది అలిసిపోయిన గుండె అత్తయ్యా అంది. తర్వాత కాస్త ముందూ వెనకలుగా కొట్టి, ఇది ఆరోగ్యంగా ఉన్న గుండె అంది. సుభద్రమ్మ నమ్మలేదు. కాళాచారిగారే ఆవిడకి విప్పిచెప్పారు. "మిషను ప్రెస్సు దెబ్బలన్నీ ఒకటేగా ఉంటాయి. నా సుత్తి ఏ రెండు దెబ్బలూ ఒకటి కాదు. అంటే గుండె చేతిపనే." ఆ మాట అన్నాక ఆయన మజ్జిగ పోయించుకుంటూ, పిల్లకాయలతో ఏం కొలుస్తావమ్మా, మా వీధిలో నలభైమందిమి ఉన్నాం, కదలకుండా కూర్చోవడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య, అన్నారు.

అలా రెండు నెలలపాటు ప్రతి ఆదివారం, మధ్యలో వీలైన రోజుల్లో, ఆ ఇంటి అరుగు మీద నలభైమంది పనివాళ్ళు వంతులవారీగా వచ్చి కూర్చున్నారు. సుభద్రమ్మ టీ పోసేవారు, కొలత అయ్యాకే. కుముద ప్రతివాళ్ళకీ మామూలుగా ఉండమని చెప్పి పట్టీ కట్టేది. ఐదు నిమిషాలు. కాళాచారిగారికి మొదటిరోజు అరవై ఒకటి. నాలుగు రోజులాగి అరవై రెండు. మళ్ళీ అరవై ఒకటి. మిగతావాళ్ళవీ అంతే, ఎవరి అంకె వాళ్ళకి అంటిపెట్టుకుని కూర్చుంది. కాగితం మీద చుక్కలన్నీ దారానికి గుచ్చినట్టు ఒకే గీత మీద పడుతుంటే, కుముద ఒకనాడు ఆ కాగితాన్ని ముద్దు పెట్టుకుంది. ఫణి చూసి, ఆ అదృష్టం తనకెప్పుడని అడిగాడు.

ఆ పాయింట్ తొంభై ఏడే వాళ్ళ పట్టీకి ధైర్యం అయింది. ఇంత నిలకడగా చెప్పే యంత్రానికి మళ్ళీమళ్ళీ కొలవక్కర్లేదని, ఒక్కసారి పచ్చదీపం వెలిగితే చాలు, గుండెజబ్బుతో చేరిన మనిషిని, భరోసాకి పట్టీ చేతికే ఉంచి, ఇంటికి పంపవచ్చని నివేదికలో రాశారు. ఆ వాక్యం కుముదే రాసింది.

ఆసుపత్రుల్లో పట్టీలు కట్టిన మూడోవారంలో ఏలూరు నుంచి ఒక అమ్మాయి ఫోను చేసి ఏడ్చింది. వాళ్ళ నాన్నకి ఎర్రదీపం వెలిగిందట, చూస్తే రక్తనాళం మూసుకుపోయి ఉందట, ఆ పూటే సరిచేశారట. కుముద ఆ మాటలు విన్న రోజంతా నేలమీద నడవలేదు. ఇంటికొచ్చి అందరికీ రెండేసిసార్లు చెప్పింది.

అదే వారంలో కాళాచారిగారు పనిమధ్యలో ఆగి ఎడమ భుజం నొక్కుకోవడం సుభద్రమ్మ చూశారు. అన్నం సగంలో లేస్తున్నారని, బజారుదాకా నడిచి వస్తే అరుగుమీద చాలాసేపు కూర్చుండిపోతున్నారని కొడుకుతో చెప్పారు. వంగి కూర్చునే పనికి భుజం నొప్పి కాకపోతే ఏం వస్తుందని ఆయన కొట్టిపారేశారు. ఫణి వినలేదు. మర్నాడు సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళతానన్నాడు.

"సెలవెందుకండీ, ఇంట్లో పట్టీ పెట్టుకుని?" అంది కుముద.

అప్పటికప్పుడు కట్టింది. కాళాచారిగారు పనిపీట మీదే నిటారుగా కూర్చుని, ఎదురుగోడ మీద చూపు నిలిపారు. ఐదు నిమిషాలయ్యాక పచ్చదీపం. అంకె అరవై ఒకటి. అత్తగారి తృప్తికోసం సాయంత్రం మళ్ళీ కట్టింది. అరవై రెండు. మర్నాడు పొద్దున ఇంకోసారి. అరవై ఒకటి. కుముద కాగితం తెచ్చి అరుగు మీద తీసిన పాత అంకెలు పక్కన పెట్టి ఫణికి చూపించింది. రవ్వంత కూడా మారలేదు. పాతికేళ్ళ కుర్రాళ్ళకి కూడా ఇలా ఉండదు, మావయ్యగారి గుండె గురించి బెంగ అక్కర్లేదని చెప్పింది. ఫణి తేలికపడి సెలవు చీటీ చింపేశాడు. కాళాచారిగారైతే మనవరాలు బడిలో మొదటి మార్కు తెచ్చినట్టు వీధిలో అందరికీ చెప్పుకున్నారు. ఆ పట్టీ ఆయన దగ్గరే ఉంచేసింది కుముద. రోజూ పనిలోకి దిగేముందు ఒకసారి కట్టుకుని చూసుకోమంది.

తొమ్మిదో రోజు, మంగళవారం. కుముద విజయవాడలో ఏలూరు లెక్కలు సరిచూస్తోంది. పదకొండున్నరకి ఫణి ఫోను. "కుముదా, నాన్న," అన్నాడు. ఆ తర్వాత వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించింది, మాటలు లేకుండా.

దీపం ముందే ఒరిగిపోయారట. పెద్దాసుపత్రి డాక్టరు వచ్చేసరికే ఏమీ మిగల్లేదు. మరణపత్రం ఇవ్వడానికి సాయంత్రం మళ్ళీ వచ్చిన డాక్టరు ఫణిని పక్కకి పిలిచి, ఈ గుండె నెలల తరబడి అరిగిపోతూ వచ్చిందని, ఇన్నాళ్ళూ భుజం నొప్పి, ఆయాసం ఏమీ లేవా అని అడిగారు. పది రోజుల ముందు చూపించి ఉంటే ఏదైనా చేయగలిగేవాళ్ళం కదా అని కూడా అన్నారు. ఆ మాటలు విన్నప్పుడు కుముద అక్కడే ఉంది. అప్పుడే రైలు దిగి వచ్చింది, సంచి ఇంకా భుజానే ఉంది. పనిపీట పక్కన పట్టీ కనిపించింది. తీసి చూసింది. ఆ పొద్దున తొమ్మిదింటికి కట్టుకున్నారు. అరవై ఒకటి. పచ్చదీపం.

తర్వాతి రోజులు ఇంటినిండా జనం. కుముద వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చింది, గిన్నెలు కడిగింది, అత్తగారి పక్కన చాప మీద పడుకుంది. ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. ఫణి కూడా అనలేదు. అనకపోగా, భోజనాల దగ్గర ఆమె విస్తట్లో ఎవరూ పెరుగు వేయలేదని తనే లేచి వేశాడు. అందుకే ఆమెకి మెతుకు దిగలేదు. యంత్రం పాడైందేమోనని రహస్యంగా విప్పి చూసింది. పాడవలేదు. ఆ ఎడాలన్నీ నిజంగా గుండెవే. మారడమూ నిజమే. అలిసిపోయిన గుండె అంత హాయిగా ఎలా మారిందో ఆమెకి అంతుపట్టలేదు.

కర్మ అయిన మర్నాడు, పన్నెండోరోజు మధ్యాహ్నం, సర్వేశ్వరం వచ్చాడు. కాళాచారిగారికి ముప్పైయేళ్ళుగా పనిలో జోడీ. సగంలో ఆగిన బుట్టల జత ఒకటి ఉంది, పూర్తిచేసి ఇస్తానని అడగడానికి వచ్చి, ఊరికే పనిగదిలో కూర్చుండిపోయాడు. కుముద టీ ఇచ్చింది. ఆయన రెండు గుక్కలు తాగి, "మీ మావకి నువ్వంటే ఎంత ఇదో నీకు తెలీదమ్మా," అన్నాడు.

కుముద తలవంచుకుంది.

"కొలతలు మొదలెట్టే ముందురోజు మా నలభైమందినీ ఇక్కడే కూర్చోబెట్టాడు. మా కోడలి యంత్రం బహు సున్నితమైంది, ఏడాదిగా ఎవడి గుండే దానికి కుదురుగా చిక్కక పిల్ల ఏడుస్తోంది, మీరు గానీ అటూ ఇటూ అయ్యారో నేనూరుకోను అన్నాడు. అతుకు పెట్టేప్పుడు మంట ఎట్టా పడతామో అట్టా ఊపిరి పట్టమన్నాడు. పట్టీ కట్టగానే ఎదురుగా దీపం ఉందనుకోండి, చేతిలో గొట్టం ఉందనుకోండి అన్నాడు. పట్టాం. ఒక్కడు తప్పలేదు."

కుముద చేతిలోని పళ్ళెం కింద పెట్టింది. చాలా నెమ్మదిగా పెట్టింది.

"ప్రతిసారీ అట్టాగే పట్టారా, బాబాయిగారూ?"

"ప్రతిసారీనమ్మా. నీ ముందు తేలిపోతామా?"

ఆమె లోపలికి వెళ్ళి పట్టీ తెచ్చి సర్వేశ్వరం చేతికి కట్టింది. మావయ్యగారితో తొలిసారి కలిసి పనిచేసిన రోజు గురించి చెప్పమంది. ఆయన కొలతలో మాట్లాడొచ్చా అని సందేహించి, ఆమె తలూపితే చెప్పాడు. చెబుతూ ఒకసారి నవ్వాడు, ఒకసారి పైపంచెతో ముక్కు తుడుచుకున్నాడు. ఇరవై నాలుగు. కాసేపాగి, ఇప్పుడు ఏమీ అనుకోకుండా ఊరికే కూర్చోమంది. ముప్పై తొమ్మిది. మూడోసారి, మంట పట్టినట్టు ఊపిరి పట్టమంది. సర్వేశ్వరం వీపు నిటారుగా అయింది. చూపు ఎదురుగోడ మీద నిలిచింది. ముక్కుపుటాలు మెల్లగా విచ్చుకుని, మెల్లగా ముడుచుకున్నాయి. నిమిషానికి ఆరుసార్లు. ఆ ఊపిరితో పాటు గుండె కూడా ఊయల మీద కూర్చున్నట్టు వేగం పెంచుకుంటూ, తగ్గించుకుంటూ ఊగింది. యాభై ఎనిమిది. అప్పట్లో కాగితం మీద ఆయనకున్న అంకె కూడా యాభై ఎనిమిదే.

కుముద తెరమీద ఆ మూడు అంకెలనీ చూస్తూ ఉండిపోయింది. పట్టీ ఏనాడూ అబద్ధం చెప్పలేదు. అది కొలిచింది నలభైమంది గుండెల్ని కాదు, తరతరాలుగా వాళ్ళు సాధించిన ఊపిరిని. పదిసార్లు ఒకే అంకె వచ్చిందంటే పదిసార్లు ఒకే ప్రేమతో కూర్చున్నారని అర్థం. చివరి తొమ్మిది రోజులూ, భుజం నొప్పి పుడుతుండగా, ఆ మనిషి రోజూ పొద్దున్నే పట్టీ కట్టుకుని, కోడలి యంత్రం తడబడకూడదని ఆ మంట ఊపిరే పట్టి కూర్చున్నాడు. ఆ ఊపిరి కిందనే గుండె అలిసిపోయింది.

సర్వేశ్వరం కంగారుపడి, ఏమన్నా తప్పు చేశామా తల్లీ అని అడిగాడు. లేదని చెప్పింది. ఆయన వెళ్ళేదాకా ఏడవలేదు.

తర్వాత గుడివాడ ఆసుపత్రిలో తనకి తెలిసిన నర్సుకి ఫోను చేసింది. పట్టీ కట్టేముందు రోగులకి ఏం చెబుతున్నారని అడిగింది. ఆ పిల్ల ఉత్సాహంగా చెప్పింది. నెమ్మదిగా, నిండుగా గాలి పీల్చుకోమంటున్నామని, అలా చేస్తే పచ్చదీపం తొందరగా వస్తోందని, ఇంటికి వెళ్ళే ఆశ కదా, ఒకళ్ళని చూసి ఒకళ్ళు నేర్చేసుకుంటున్నారని. కుముద మావగారి పీట మీద కూర్చుంది.

ప్రకాశరావుగారు మొత్తం విన్నారు. ఆయన గొంతులో మొదట తర్కం ఉంది. ఏలూరులో ఎర్రదీపం ఒక మనిషిని బతికించింది కదా అన్నారు. ఊపిరిని కూడా కొలిచే ముక్క ఒకటి పట్టీకి కలిపితే సరిపోతుంది, రెండు నెలల పని, ఈలోగా కొత్తవాళ్ళకి కట్టడం ఆపుదాం, ఉన్నవాటిని గోల లేకుండా మార్చుదాం అన్నారు. పదకొండేళ్ళ పని ఒక్క మధ్యాహ్నంలో కూల్చుకోవద్దు అన్నారు. అందులో ఏదీ చెడ్డ మాట కాదు. అన్నీ తను కూడా గంటసేపు అనుకున్నవే.

"సార్, మా మావయ్యగారికి మూడుసార్లు ఒకే అంకె వచ్చింది," అంది. "అందుకని మా ఆయన డాక్టరు దగ్గరికి తీసుకెళతానంటే నేను వద్దన్నాను. ఈ పూట ఎక్కడో ఇంకొకరు వద్దంటూ ఉంటారు."

 ఆయన ఎంతమందిని ఇంటికి పంపారని అడిగారు. మూడు వందల పన్నెండు అని చెప్పింది.

"మూడు ఆసుపత్రులకీ, సంఘానికీ ఉత్తరం నేను రాస్తాను, నా పేరు మీద," అన్నారు. "ఆ తర్వాత మన మాట ఇక ఎవరూ నమ్మరమ్మా. అది తెలుసుగా?"

"తెలుసు సార్."

"చిరునామాల జాబితా పంపుతాను. నువ్వు మొదలుపెట్టు," అని ఆయన ఫోను పెట్టేశారు.

ఫణి కాలేజీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుండగానే చెప్పేసింది. ఆలస్యం చేస్తే చెప్పలేనని భయం వేసింది. అతను తువ్వాలు చేతిలో పట్టుకుని అలాగే విన్నాడు. సర్వేశ్వరం చెప్పింది, మూడు అంకెలు, నర్సు మాట, అన్నీ. విన్నాక గోడకి ఆనుకుని, "ఆరోజు నేను తీసుకెళ్ళుంటే బతికేవాడా?" అని అడిగాడు.

ఒక చిన్న అబద్ధం ఆమె నాలుక దాకా వచ్చింది. అది చెబితే ఈ రాత్రి ఇద్దరూ ఒకరిని పట్టుకుని ఒకరు ఏడవవచ్చు. రేపటినుంచి మళ్ళీ స్టేషన్ బయట రెండుసార్లు హారన్ వినవచ్చు.

"బతికేవారేమోనండీ. డాక్టరుగారు అలాగే అన్నారు. వద్దన్నది నేనే."

ఫణి తువ్వాలు దండెం మీద వేసి బయటికి వెళ్ళాడు. స్కూటర్ మీద కూర్చున్నాడు గానీ స్టార్టు చేయలేదు. కుముద గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది. పిలిచే హక్కు తనకుందో లేదో తెలియలేదు. అతను వీధి చివరికేసి చూస్తూ కూర్చున్నాడు. ఎదురింటాయన పలకరిస్తే తలూపాడు.

వంటింటి గడపలో చప్పుడైతే కుముద వెనక్కి తిరిగింది. సుభద్రమ్మ నిలబడి ఉన్నారు. అన్నీ విన్నారని మొహమే చెబుతోంది. బొట్టు లేని ఆ నుదురు ఇంకా అలవాటు కాక, కుముద చూపు దించుకుంది. ఆవిడ వచ్చి పనిగదిలో, భర్త పీటకి ఎదురుగా కూర్చున్నారు. తిడతారేమోనని, తిడితే బాగుండునని కుముద ఎదురుచూసింది.

"ఆయనెప్పుడూ అంతే," అన్నారు సుభద్రమ్మ. "పెళ్ళిచూపుల్లో కూడా ఊపిరి బిగపట్టే కూర్చున్నాడు. మూగవాడేమో అనుకున్నాను."

తర్వాత ఆవిడ ఏడ్చారు. కుముద దగ్గరికి వెళితే వద్దనలేదు. చాలాసేపటికి కళ్ళు తుడుచుకుని, ఎంతమందికి కట్టారని, వాళ్ళకి ఏం చెబుతావని ఆరా తీశారు. ఇళ్ళకి వెళ్ళి, ఆ దీపాన్ని నమ్మొద్దని, పట్టీ తీసేసి మళ్ళీ ఆసుపత్రికి వచ్చి సరిగ్గా చూపించుకోమని చెబుతానంది కుముద. రేపు గుడివాడతో మొదలుపెడదామనుకుంటున్నానంది.

సుభద్రమ్మ తల అడ్డంగా ఊపారు. "తియ్యరు. నువ్వు చెబితే మీ మావయ్య తీసేవాడా? మీకేం భయం లేదు, ఇంటికి పోండని చెప్పిన దీపాన్ని ఎవరు ఆర్పుకుంటారు? నువ్వేమో పసుపుతాడుతో కళకళలాడుతూ వెళ్ళి లెక్కలు చెబుతావు. కాఫీ ఇచ్చి పంపిస్తారు."

ఫణి లోపలికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కుముద వైపు చూడలేదు, బయటికి వెళ్ళిపోనూ లేదు.

"రేపు పొద్దున ఆరున్నర బండికి నేనూ వస్తాను," అన్నారు సుభద్రమ్మ. "నువ్వు చెప్పేది నువ్వు చెప్పు. విననివాళ్ళ ముందు నేను నిలబడతాను. నన్ను చూశాక తీస్తారు."

ఏడాది తిరిగేదాకా ఆవిడ గడప దాటకూడదని పెద్దవాళ్ళు నిన్ననే చెప్పి వెళ్ళారని ఫణి మెల్లగా గుర్తుచేశాడు. ఎవరింటికైనా ఈ సమయంలో అమ్మ వెళితే వాళ్ళు మొహం తిప్పుకుంటారని, నాలుగు మాటలంటారని కూడా చెప్పాడు.

"అననియ్యి. తిప్పుకునే ముందు చూస్తారుగా. ఏడాదాగితే ఆ మూడొందలమందీ ఉంటారట్రా?"

ఆవిడ లేచి, మూల ఉన్న పాత చేతిసంచి దులిపి, అందులో ఒక చీర, మంచినీళ్ళ సీసా పెట్టుకున్నారు. కుముద జాబితా తెరిచి గుడివాడ చిరునామాలు కాగితం మీదికి ఎక్కించడం మొదలుపెట్టింది. అరవై నాలుగు ఇళ్ళు. ఫణి కాసేపు అక్కడే నిలబడి, తర్వాత వచ్చి ఆమె పక్కన, కాస్త ఎడంగా కూర్చుని, కాగితాన్ని తనవైపు తిప్పుకున్నాడు. ఏ వీధి స్టేషనుకి దగ్గరో, ఏది దూరమో వరసలు మార్చాడు.

"ముందు మార్కెట్ వెనక వీధి," అన్నాడు. "అక్కడ తొమ్మిది ఇళ్ళున్నాయి. ఏడున్నరకల్లా మొదలుపెడితే మధ్యాహ్నానికి సగం అవుతాయి. నేను కాలేజీకి ఫోను చేసి, రేపు రానని చెబుతాను."